గర్భనిరోధక మాత్రలు: మొదటి మూడు నెలలు

గర్భం రాకుండా రోజూ వేసుకునే హార్మోను మాత్రలను మొదలుపెట్టిన స్త్రీలలో ఎందరో మొదటి షీటో రెండో షీటో పూర్తికాకముందే వాటిని మానేస్తారు. కడుపులో తిప్పడం, నెల మధ్యలో రక్తపు చుక్కలు కనిపించడం, రొమ్ములు సలపడం వంటివి ఉన్నట్టుండి మొదలవుతాయి. అవి ఎందుకు వస్తున్నాయో, ఎన్నాళ్ళు ఉంటాయో చెప్పేవారు దగ్గర లేకపోవడంతో మాత్ర పడలేదన్న నిర్ణయానికి రావడం సహజం. నిజానికి ఈ ఇబ్బందులలో ఎక్కువ భాగం శరీరం కొత్త హార్మోను మోతాదుకు సర్దుకునే క్రమంలో వచ్చి, రెండు మూడు నెలలలో తగ్గిపోయేవే. చాలా కొద్ది లక్షణాలు మాత్రం గంటసేపు కూడా ఆగకూడనివి. ఈ రెండింటికీ నడుమ, ప్రమాదం లేకపోయినా మూడు నెలలు దాటినా తగ్గకుండా, మాత్రనో పద్ధతినో మార్చుకోవలసిన అవసరాన్ని చెప్పే ఇబ్బందులు కొన్ని ఉంటాయి. దేనికి ఓపిక పట్టాలో, దేనికి పరుగెత్తాలో, దేనికి మార్పు అడగాలో ముందే తెలిసిన స్త్రీకి మొదటి నెలలు సగం తేలికవుతాయి.

తెలుగు ఇళ్ళలో ఈ తెలివిడి పెద్దల నుంచి అందే అవకాశం తక్కువ. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది, తెలంగాణలో 60 శాతానికి పైగా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే కాబట్టి, రోజూ మాత్ర వేసుకున్న అనుభవం తల్లికీ అత్తకీ పిన్నికీ ఉండటం అరుదు. కాన్పు గురించి పది మాటలు చెప్పగలిగిన ఇంట్లో మాత్ర గురించి ఒక్క మాట చెప్పగలిగినవారు ఉండరు. పైగా వాడుకలో మూడు వేర్వేరు మందులు ఒకే పేరున కలిసిపోయాయి. పెళ్ళికో వ్రతానికో తిరుపతి ప్రయాణానికో నెలసరిని వాయిదా వేయడానికి కొద్దిరోజులు వాడే నోరెథిస్టిరాన్ మాత్ర ఒకటి. కలయిక జరిగిన 72 గంటలలోపు వేసుకునే అత్యవసర మాత్ర రెండవది. రోజూ క్రమం తప్పక వేసుకునేది మూడవది. మొదటిది గర్భనిరోధకంగా పనికొచ్చే పద్ధతిలో వాడేది కాదు, రెండవది హార్మోనును ఒక్కసారిగా పెద్ద మోతాదులో ఇచ్చేది. ఆ రెండింటితో ఎవరో పడిన బాధను మూడవదానికి అంటగట్టడం వల్ల పుట్టిన భయాలు తక్కువేమీ కాదు.

ఈ అధ్యాయంలో మాత్ర అంటే ఈస్ట్రోజన్, ప్రొజెస్టోజెన్ అనే రెండు రకాల హార్మోన్లు కలిసిన మిశ్రమ మాత్ర. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలోనూ ఆశా కార్యకర్తల దగ్గరా ఉచితంగా దొరికే మాలా-ఎన్, మందుల షాపులో తక్కువ ధరకు దొరికే మాలా-డి ఈ రకానివే. వాటి షీటులో 28 మాత్రలుంటాయి: 21 తెల్లవి, 7 గోధుమరంగువి. తెల్లమాత్ర ఒక్కొక్కదానిలో 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయోల్, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటాయి. గోధుమరంగు మాత్రలలో హార్మోను ఏమీ లేదు, ఉన్నది ఇనుము. ఆ ఏడు రోజులూ విరేచనం నల్లగా కావడం, కొంత మలబద్ధకం కలగడం ఇనుము పని తప్ప హార్మోను పని కాదు. ఇతర కంపెనీల మాత్రలలో హార్మోన్ల రకం, మోతాదు, షీటు అమరిక వేరుగా ఉండవచ్చు కనుక షీటు వెనుక అచ్చువేసిన పేర్లను చదవడం, చదవలేకపోతే మందుల షాపులో అడిగి చెప్పించుకోవడం మొదటి రోజే చేయవలసిన పని.

నెలసరి మొదలైన ఐదు రోజులలోపు తొలి తెల్లమాత్ర వేసుకుంటే రక్షణ అప్పటినుంచే ఉంటుంది. ఆ తరువాత మొదలుపెడితే ఏడు రోజులపాటు కండోమ్ కూడా వాడాలి. మాత్రలోని హార్మోన్లు మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథికి చేరి, అండాన్ని విడుదల చేయమని అండాశయానికి వెళ్ళే సంకేతాన్ని ఆపుతాయి. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరచి వీర్యకణాల దారి మూస్తాయి. గర్భాశయం లోపలి పొరను పలచబరుస్తాయి. దుష్ఫలితాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది: ఈ హార్మోన్లకు స్పందించే కణాలు గర్భాశయంలోనే కాక రొమ్ములలో, చర్మంలో, రక్తనాళాలలో, కాలేయంలో, మెదడులో కూడా ఉన్నాయి.

నెల మధ్యలో కనిపించే రక్తం

స్త్రీలను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది, నిజానికి అన్నిటికంటే తక్కువ హాని చేసేది, తెల్లమాత్రలు వేసుకుంటున్న రోజులలోనే చుక్కలు చుక్కలుగా, కొన్నిసార్లు పల్చటి నెలసరిలా కనిపించే రక్తం. మొదటి నెలలో ప్రతి పదిమందిలో ముగ్గురి వరకు దీనిని చూడవచ్చు; మూడవ నెలకు ఆ సంఖ్య ఒకరి దగ్గరకు దిగుతుంది. మాత్రకు ముందు ప్రతినెలా మందంగా పెరిగి రాలిపోయే అలవాటున్న గర్భాశయ పొర, ఇప్పుడు అందుతున్న కొద్దిపాటి హార్మోనుతో పలచగా ఉండటానికి అలవాటు పడాలి. ఆ మార్పు జరిగే వారాలలో పొరలోని సన్నని రక్తనాళాలు పెళుసుగా ఉండి అక్కడక్కడ చిట్లుతాయి. ఇది గర్భాశయానికి గాయం కాదు, మాత్ర పనిచేయడం లేదన్న సూచనా కాదు. ఈ రక్తాన్ని చూసి మాత్ర ఆపేస్తే, హార్మోను ఒక్కసారిగా పడిపోయి రక్తస్రావం ఎక్కువవుతుంది. దానితో పాటు గర్భం వచ్చే అవకాశమూ తిరిగి వస్తుంది.

అయితే మధ్యలో కనిపించే రక్తానికి అన్నిటికంటే మామూలు కారణం మాత్ర మరిచిపోవడం, లేదా ఒకనాడు రాత్రి తొమ్మిదికి, మరునాడు మధ్యాహ్నం వేసుకోవడం. పళ్ళు తోముకోవడానికో రాత్రి భోజనానికో దానిని ముడిపెట్టడం, షీటును బీరువాలో దాచక రోజూ చేయి తగిలేచోట ఉంచడం చిన్న ఏర్పాట్లే అయినా పనిచేసేవి అవే. ఒక తెల్లమాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఒకే రోజు రెండు వేసుకోవలసి వచ్చినా సరే. వరుసగా రెండు లేదా అంతకంటే ఎక్కువ మరిచిపోతే ఒకటి వెంటనే వేసుకుని మిగిలినవి మామూలుగా కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలి. అలా మరిచిపోయినది తెల్లమాత్రల చివరి వారంలో అయితే, తెల్లవి అయిపోగానే గోధుమరంగు వాటిని వదిలేసి మరునాడే కొత్త షీటు మొదలుపెట్టాలి.

మాత్రలు సరిగా వేసుకుంటున్నా కొన్ని నెలల తరువాత కొత్తగా రక్తం కనిపించడం మొదలైతే వేరే కారణం వెతకాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజిపిన్ కాలేయంలో హార్మోన్లు త్వరగా విరిగిపోయేలా చేస్తాయి. అప్పుడు రక్తపు చుక్కలు మాత్ర శక్తి తగ్గిందనడానికి గుర్తు కావచ్చు. క్షయ చికిత్స నెలల తరబడి సాగే మన దేశంలో ఈ సంగతి మందు ఇచ్చేచోటే చెప్పవలసినది. చెప్పకపోతే అడిగి తెలుసుకోవాలి. జ్వరానికీ గొంతునొప్పికీ ఇచ్చే మామూలు యాంటీబయోటిక్‌లకు ఈ గుణం లేదు. కలయిక తరువాత రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి ఉంటే మాత్రను తప్పుపట్టకుండా పరీక్ష చేయించుకోవడం అవసరం.

దీనికి ఎదురుగా, గోధుమరంగు మాత్రల వారంలో రావలసిన నెలసరి తగ్గిపోవడం, ఒక్కోసారి రాకపోవడం కూడా జరుగుతుంది. బయటికి రావలసిన చెడు రక్తం లోపలే నిలిచిపోతుందన్న నమ్మకం తెలుగు నాట బలంగా ఉంది. పొర మందంగా పెరగనప్పుడు రాలడానికి ఏమీ ఉండదు, కాబట్టి లోపల పేరుకునేది కూడా ఏమీ ఉండదు. నెలనెలా ఎక్కువ రక్తం పోయి నీరసించే స్త్రీకి ఇది మేలు. మాత్రలు మరిచిపోయి ఉన్నా, రెండు నెలలు వరుసగా రాకపోయినా మందుల షాపులో దొరికే కిట్‌తో గర్భపరీక్ష చేసుకోవాలి. తెలియక గర్భం మొదట్లో మాత్రలు వేసుకున్నంత మాత్రాన బిడ్డకు అవకరం కలుగుతుందనడానికి ఆధారం లేదు.

వికారం, తలనొప్పి, ఒంటిబరువు

మాత్ర వేసుకున్న గంట రెండు గంటలకు కడుపులో తిప్పడం ఈస్ట్రోజన్ వల్ల కలుగుతుంది. ఇంట్లోవాళ్ళు దానిని వేవిళ్ళని పొరబడి నెల తప్పిందేమోనని అడగడం, దాచుకుని వాడుతున్న స్త్రీకి వికారం కంటే పెద్ద బాధ. పరగడుపున వేసుకోకుండా రాత్రి భోజనం చేసి, పడుకోబోయే ముందు వేసుకుంటే తిప్పే వేళకు నిద్రలో ఉంటారు. వేసుకున్న రెండు గంటలలోపు వాంతి అయితే మరొక తెల్లమాత్ర వేసుకోవాలి. రొమ్ములు బరువెక్కి సలపడం కూడా ఈ నెలలలోనిదే. సరిగా పట్టి ఉంచే లోదుస్తులు, అవసరమైతే మామూలు నొప్పిమాత్ర చాలు. చేతికి గడ్డ తగిలితే మాత్రం దానిని మాత్ర ఖాతాలో వేయకూడదు.

తలనొప్పి ఏ రోజులలో వస్తున్నదో చూడటం ముఖ్యం. గోధుమరంగు మాత్రల వారంలోనే వస్తే అది హార్మోను అకస్మాత్తుగా తగ్గడం వల్ల వచ్చేది. వైద్యుల సలహాతో ఆ విరామం లేకుండా తెల్లమాత్రలు కొనసాగించడం ఒక ఉపాయం. బుగ్గలమీదా నుదుటిమీదా మంగు మచ్చలు కొందరిలో వస్తాయి. ఎండ వాటిని ముదురు చేస్తుంది గనుక పొలంలోనూ రోడ్డుమీదా పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు, మాత్ర మానినా ఆ మచ్చలు పోవడానికి చాలాకాలం పడుతుంది.

మాత్రలతో ఒళ్ళు వస్తుందన్న మాట ప్రతిచోటా వినిపిస్తుంది. 49 పరిశోధనలను కూడగట్టి చూసిన కాక్రేన్ సమీక్షకు మిశ్రమ మాత్రల వల్ల చెప్పుకోదగినంత బరువు పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. మొదటి నెలలలో ఒంట్లో నీరు నిలిచి కొందరికి నడుము బిగుతుగా అనిపిస్తుంది. అది నిజమైన అనుభూతే, కానీ కొవ్వు కాదు. పెళ్ళయిన మొదటి ఏడాదిలో మాత్ర మొదలుపెట్టే స్త్రీకి అదే ఏడాదిలో ఇల్లు, వంట, నిద్రవేళలు, నడక అన్నీ మారతాయన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒళ్ళు వేడిచేసిందన్న మాట వైద్యశాస్త్ర పరిభాషలో లేకపోయినా, ఆ మాట అంటున్న స్త్రీ తన శరీరంలో గమనించిన మార్పునే చెబుతున్నది. ఏమి మారిందని విడమరచి అడిగితే చిరాకు, మంట, చెమట, మొటిమలు అంటూ అసలు లక్షణం బయటపడుతుంది.

ఇకముందు పిల్లలు పుట్టరేమోనన్న భయం అన్నిటికంటే లోతైనది, ముఖ్యంగా తొలి సంతానానికి ముందు మాత్ర వాడేవారిలో. మాత్ర ప్రభావం ఒంట్లో నిల్వ ఉండదు. మానిన కొద్ది వారాలలోనే అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది, ఏడాది తిరిగేసరికి గర్భం దాల్చేవారి సంఖ్య ఇతర పద్ధతులు మానినవారిలో ఉన్నంతే ఉంటుంది. మాత్రకు ముందే నెలసరి క్రమం తప్పి ఉన్న స్త్రీకి, మాత్ర మానాక ఆ పాత క్రమమే తిరిగి వస్తుంది. దానిని మాత్ర తెచ్చిన లోపంగా చూడటం పొరపాటు.

మనసు సంగతి

మనసు మందగించడం, కారణం లేకుండా ఏడుపు రావడం, కోరిక తగ్గడం గురించి చెప్పుకునే స్త్రీని అంతా భ్రమ అని తోసిపుచ్చే అలవాటు మాత్రంత పాతది. 1956లో ప్యూర్టోరికోలో మాత్రల తొలి విస్తృత పరీక్షలను నిర్వహించిన వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే, వాడిన స్త్రీలలో 17 శాతం మందికి వికారం, తలతిరుగుడు, తలనొప్పి వంటివి వచ్చాయనీ, సాధారణ వాడకానికి ఇవి మరీ ఎక్కువనీ నివేదించింది. పరిశోధనకు నాయకుడైన గ్రెగరీ పింకస్ వాటిలో చాలావరకు మానసికమైనవని కొట్టిపారేశాడు. 1960లో అమెరికాలో గర్భనిరోధకంగా అనుమతి పొందిన ఆ పరీక్షల మాత్ర ఎనోవిడ్‌లో హార్మోన్ల మోతాదు నేటి మాత్రలకంటే కొన్ని రెట్లు ఎక్కువ. మోతాదును తగ్గించగలిగాక ఆ బాధలూ తగ్గడం, ప్యూర్టోరికో స్త్రీలు చెప్పినది నిజమేనని చూపింది.

పది లక్షల మందికి పైగా స్త్రీల వివరాలతో డెన్మార్క్‌లో జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, హార్మోను గర్భనిరోధకాలు వాడేవారు కుంగుబాటు మందులు మొదలుపెట్టడం వాడనివారికంటే కొంత ఎక్కువగా కనిపించింది, కౌమారంలో ఉన్నవారిలో మరింత ఎక్కువగా. అటువంటి అధ్యయనం మాత్రే కారణమని తేల్చిచెప్పలేదు. చాలామందికి మనసులో ఏ తేడా రాదు, నెలసరికి ముందు వచ్చే చిరాకు తగ్గేవారూ ఉన్నారు. అయినా, ఇంతకుముందు కుంగుబాటు ఉన్న స్త్రీ ఆ మాట మాత్ర రాసేవారికి చెప్పాలి, మొదటి వారాల నుంచీ తనను తాను గమనించుకోవాలి. ఇక్కడ మూడు నెలల ఓపిక నియమం వర్తించదు. నిద్ర, తిండి, పని దెబ్బతినేంతగా దిగులు కమ్మితే వెంటనే వైద్యులను కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పాలి, టెలి-మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆగకూడని లక్షణాలు

ఈస్ట్రోజన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత పెంచుతుంది. ఐరోపా ఔషధ సంస్థ 2013లో ఇచ్చిన అంచనా ప్రకారం, మాత్ర వాడని, గర్భం లేని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి సిరలలో గడ్డ ఏర్పడితే, మాలా-ఎన్‌లో ఉన్న లెవోనార్జెస్ట్రెల్ రకం మాత్ర వాడేవారిలో 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరినోన్, డెసోజెస్ట్రెల్ వంటివి ఉన్న మాత్రలతో 9 నుంచి 12 మందికి ఏర్పడవచ్చు. గర్భిణులలో, అంతకంటే కూడా కాన్పయిన తొలి వారాలలో ఈ ప్రమాదం మాత్రతో వచ్చేదానికంటే ఎక్కువ. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడకపోతే ఏమవుతుందో 1995 అక్టోబరులో బ్రిటన్ చూసింది. కొన్ని కొత్తరకం మాత్రలతో గడ్డల ప్రమాదం రెట్టింపవుతుందని అధికారిక హెచ్చరిక వెలువడగానే ఎందరో స్త్రీలు షీటు మధ్యలోనే మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో స్త్రీలు చేయించుకున్న గర్భస్రావాలు సుమారు 13 వేలు పెరిగాయి. రెట్టింపు అన్న మాట తప్పు కాదు. ఎంతకు రెట్టింపు అన్నది చెప్పకపోవడమే అంత నష్టం చేసింది.

గడ్డల ప్రమాదం వాడకం మొదలైన తొలి ఏడాదిలో, అందులోనూ మొదటి కొద్ది నెలలలో ఎక్కువ. నాలుగు వారాలకు మించి ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆ తొలి నెలల ప్రమాదం మళ్ళీ మొదటికొస్తుంది. భర్త ఊరికి వచ్చినప్పుడు మొదలుపెట్టి, తిరిగి గల్ఫ్‌కు వెళ్ళగానే ఆపే పద్ధతి ఈ కారణంగానే మంచిది కాదు. అటువంటివారికి కాపర్-టి గానీ, హార్మోను కాని ఛాయ మాత్ర గానీ, కండోమ్ గానీ నయం.

ఒక పిక్కలోనే నొప్పి, వాపు, తాకితే వేడి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే గుచ్చినట్టు గుండెలో నొప్పి. ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు సగం పోవడం, మాట తడబడటం, ఒక పక్క చేయో కాలో పట్టు తప్పడం. పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి, కళ్ళు పచ్చబడటం: వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, అవసరమైతే 108కి ఫోను చేయాలి. అక్కడ అత్యవసర విభాగంలో వైద్యులు ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగే క్షణం చాలా కీలకమైనది. మంచం పక్కన తల్లి నిలబడి ఉంటుంది, తలవైపు అత్తగారో అన్నగారో ఉంటారు. పెళ్ళికానందువల్లనో, ఇంట్లో చెప్పకుండా వాడుతున్నందువల్లనో ఆ స్త్రీ తల అడ్డంగా ఊపుతుంది. ఆయాసాన్ని ఆస్తమాగా, పిక్కనొప్పిని బెణుకుగా చూసి పంపేయడానికి ఆ ఒక్క అబద్ధం చాలు. తెలిసిన వైద్యులు ముందు బంధువులను బయటికి పంపి ఆ ప్రశ్న అడుగుతారు. అడగకపోయినా, ఒంటరిగా మాట్లాడాలని కోరే హక్కు రోగికి ఉంది. షీటు ఫోటో ఒకటి ఫోనులో ఉంచుకుంటే నోరు విప్పలేని వేళ చూపించడానికైనా పనికొస్తుంది.

కొందరు అసలు మొదలుపెట్టకూడదు. బీపీ 140/90 లేదా అంతకు మించి ఉన్నవారు, 35 ఏళ్లు దాటి పొగతాగేవారు, ఇదివరకు గడ్డగానీ పక్షవాతంగానీ గుండెజబ్బుగానీ వచ్చినవారు, రొమ్ము క్యాన్సరు ఉన్నవారు, కాలేయ జబ్బు తీవ్రంగా ఉన్నవారు, బిడ్డకు ఆరు నెలలు నిండకుండా పాలిస్తున్న తల్లులు వేరే పద్ధతి ఎంచుకోవాలి. పార్శ్వపునొప్పి రాబోయే ముందు కళ్ళముందు మెరుపు గీతలు వంకరటింకరగా కదలడం, చూపులో ఒక భాగం మసకబారడం ఉన్నవారు కూడా ఈ కోవలోని వారే. వారికి ఈ మాత్రతో పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. షాపులో అడగగానే చేతికి వచ్చే మందే అయినా, మొదటి షీటుకు ముందు ఒకసారి బీపీ చూపించుకోకుండా వేసుకోవడం సరికాదు. ఏఎన్ఎం దగ్గర అది ఐదు నిమిషాల పని.

గమనించి రాసుకోవడం

ఏది తగ్గుతున్నదో, ఏది తగ్గడం లేదో జ్ఞాపకం మీద ఆధారపడి తేల్చడం కష్టం. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో, తిథి నక్షత్రాల పక్కన మిగిలిన ఖాళీలో, రక్తం కనిపించిన రోజున ఒక చుక్క, ఎక్కువగా పోయిన రోజున ఒక గీత, తలనొప్పికి ‘త’, వికారానికి ‘వి’, మాత్ర మరిచిన రోజుకు ఒక సున్నా పెట్టుకుంటే చాలు. ఇంట్లో ఇతరులు చూసినా పాల లెక్క అనుకుంటారు. మూడు నెలల తరువాత ఆ మూడు కాగితాలను వరుసగా పరిస్తే, మొదటి కాగితంలో పది చుక్కలు, రెండవదానిలో నాలుగు, మూడవదానిలో ఒకటి ఉన్న స్త్రీకి వేరే సలహా అవసరం లేదు. మూడింటిలోనూ అంతే చుక్కలు ఉండి, సున్నాలు లేకపోతే ఆమె ఓపికను ఇంకా పరీక్షించడం అన్యాయం.

అప్పుడు చేయగలిగినవి ఎన్నో ఉన్నాయి. వికారం, రొమ్ముల సలపరం తగ్గకపోతే ఈస్ట్రోజన్ 0.02 మిల్లీగ్రాములే ఉన్న మాత్రకు మార్చవచ్చు. రక్తపు చుక్కలు తగ్గకపోతే ఈస్ట్రోజన్ కొంచెం ఎక్కువ ఉన్నదానికి, లేదా వేరే రకం ప్రొజెస్టోజెన్ ఉన్నదానికి మార్చవచ్చు. ఒకదానికి మందు మరొకదాన్ని పెంచవచ్చు కనుకనే, ఏ బాధ ముఖ్యమో స్త్రీ తానే చెప్పాలి. మాత్రే వద్దనుకుంటే అదీ సబబైన నిర్ణయమే. అయితే ప్రమాద లక్షణాలు లేనంతవరకు చేతిలోని షీటు పూర్తిచేసి, రెండవ పద్ధతి సిద్ధం చేసుకున్నాకే ఆపాలి. ఆ రోజు వైద్యులకు చూపించవలసినవి మూడు: గీతలు పెట్టిన క్యాలెండరు కాగితాలు, ఖాళీ అయిన షీటు, కొత్తగా చూపించుకున్న బీపీ అంకె.